గేముల్లో పెళ్ళిళ్ళు: పరువుగల ఊళ్ళకు కొన్ని సవరణలు

విజయనగరం గంటస్తంభం నుంచి శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దాకా మన కుర్రకారుకి ఓ పెద్ద బెంగ పట్టుకుంది. వీడియో గేముల్లో మగాడికి మగాడు, ఆడదానికి ఆడది నచ్చే ఆప్షన్లు పెట్టి సంస్కృతిని మంట గలుపుతున్నారట. బెంగ సబబే. అదే గేముల్లో దయ్యంతో బేరమాడడం, చచ్చినవాడి జేబులు తడమడం, కొట్టేసిన కత్తిని పక్క వీధిలో అమ్మడం మన పూర్వాచారాలు కనక వాటి జోలికి ఎవరూ పోవడం లేదు.

ముందు స్టార్‌డ్యూ వ్యాలీ అనే పొలంపనుల గేము సంగతి తేలుద్దాం. 2016లో వచ్చింది. చేసింది ఒక్కడే, ఎరిక్ బారోన్. పెలికన్ టౌన్ అనే పల్లెలో పెళ్ళికి ఒప్పుకునేవాళ్ళు పన్నెండుమంది: ఆరుగురు ఆడ, ఆరుగురు మగ. మీరు ఎవరైనా సరే, వాళ్ళలో ఎవర్నైనా చేసుకోవచ్చు. మనిషికి వారానికి రెండు కానుకలే చెల్లుతాయి. ప్రాణమైనది ఇస్తే 80 స్నేహం పాయింట్లు, పుట్టినరోజునాడైతే దానికి ఎనిమిది రెట్లు. 250 పాయింట్లకి ఒక గుండె. ఎనిమిది గుండెలు నిండాక పియెర్ కొట్లో 200 గోల్డ్ పోసి పూలగుత్తి కొనివ్వాలి. తొందరపడి ముందే చాపితే తీసుకోరు. పది గుండెలయ్యాక, పెళ్ళి అడగడానికి ఇచ్చే పతకం. దానికి ముందు 10,000 గోల్డూ 450 కర్రా పెట్టి ఇల్లు ఓసారి పెంచాలి, బీచ్‌లో విరిగిన వంతెనకి మరో 300 కర్ర పొయ్యాలి. వంతెన అవతల వాన రోజుల్లో మాత్రమే నిలబడే ముసలి నావికుడు 5,000కి పతకం అమ్ముతాడు. చాలామంది బోల్తా కొట్టేది ఇక్కడే. శీతాకాలంలో ఆ ఊళ్ళో వాన పడదు, మంచే. డబ్బు మూట కట్టుకుని వసంతం దాకా కూర్చోవాలి. (తిత్లీ తుఫాను చూసిన పలాసవాణ్ణి వానకోసం కాచుకోమంటే మండదేటి మరి?)

ఇంత తతంగంలో కులం అడిగినవాడు లేడు. గోత్రం ఊసు లేదు. పెళ్ళికొడుకు చేసేది దుంపలు తవ్వి అమ్మడం, రాత్రి రెండింటికి పొలంలో సొమ్మసిల్లి పడిపోవడం. అయినా సంబంధం ఖాయం, కట్నం సున్నా. వీటి మీద ఒక్క మీసమూ లేవలేదు. ఆ పన్నెండుమందిలో ఆరుగురి దగ్గరే లేచింది.

అందుకే సవరణలు ప్రతిపాదించక తప్పదు. రెండో గుండె దగ్గర కులం, నాలుగో గుండె దగ్గర జాతకం, ఆరో గుండె దగ్గర మేనమామ అలక, ఎనిమిదో గుండె దగ్గర పూలగుత్తికి బదులు బైకు. అప్పుడు చూద్దాం, ఈ గేములో ఎంతమందికి పెళ్ళవుతుందో.

పెద్ద ఆరోపణ వేరే ఉంది: బలవంతంగా రుద్దుతున్నారు. లెక్క చూద్దాం. సెబాస్టియన్ అనే కుర్రాడికి సాషిమి, అంటే పచ్చి చేపముక్కలు, ప్రాణం. ఎనిమిది గుండెలకి 2,000 పాయింట్లు. రోజువారీ పలకరింపులూ పుట్టినరోజూ పక్కన పెడితే 25 సాషిమీలు, వారానికి రెండు చొప్పున పన్నెండు వారాల పైమాట. అక్కడ ఋతువుకి 28 రోజులు కాబట్టి మూడు ఋతువులు గడిచిపోతాయి. చేపలు పట్టి, వండి, వాడి గది తలుపు తీసే వేళ కనిపెట్టి, పాతిక మార్లు మోసుకెళ్ళి చేతిలో పెట్టినవాడు “నామీద రుద్దేశారు బాబూ” అంటే పంచాయతీలో ఎవడైనా నవ్వుతాడు.

న్యాయమైన ఫిర్యాదు ఒకటుంది, దాన్ని కాదనలేం. 2011 నాటి డ్రాగన్ ఏజ్ 2లో హీరో వెంట తిరిగే యాండర్స్ తనే మగ హీరో దగ్గర ప్రేమ మాట కదిలిస్తాడు. వద్దంటే శత్రుత్వం పాయింట్లు పడతాయి. మర్యాదగా తప్పుకునే జవాబు రాయకపోవడం రాతలో లోపం. దానికి మందు ఇంకో జవాబు రాయడం, మనిషిని పీకేయడం కాదు. 2023లో బాల్డర్స్ గేట్ 3 వచ్చినప్పుడు అందులో గేల్ అనే పాత్ర కూడా అలాగే మీద పడ్డాడు. కారణం భావజాలం కాదు, ఎంత ఇష్టం కుదిరాక కదలాలో ఆ హద్దు బగ్ వల్ల కిందికి దిగిపోయింది. సరిచేశారు, సర్దుకుంది.

ఎవరికైనా పడిపోయే పాత్రలకన్నా, ఫలానావాళ్ళే కావాలనే పాత్రలు గట్టిగా నిలుస్తాయి. “వద్దు” అనడానికి వాళ్ళ దగ్గర కారణం ఉంటుంది. సైబర్‌పంక్ 2077లో జూడీ అలాంటిది. మీరు ఆడే పాత్ర పేరు వీ. ఆ వీకి శరీరమూ గొంతూ రెండూ ఆడవైతేనే ఒప్పుకుంటుంది. ఆ దెబ్బతో ఆప్షన్లు తీసేయాలన్న మీసాలే ఆప్షన్ ఉండాలన్నాయి. పీసీలో గేముని మార్చేసే మోడ్ వచ్చేసింది. జూడీ ఇష్టం ఎవరూ అడగలేదు.

మన దేశం మాత్రం ఓసారి గట్టిగానే బయటపడింది. 2014 నవంబరులో డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్‌ని ఈఏ కంపెనీ ఇండియాలో అమ్మకానికి పెట్టకుండానే వెనక్కి తీసుకుంది. ఇక్కడి అశ్లీల చట్టాలకు అడ్డుపడకూడదని చెప్పి, ముందే బుక్ చేసినవాళ్ళకి డబ్బు వాపసిచ్చింది. అంతకు ముందు డిసెంబరులోనే సుప్రీంకోర్టు, మగాడూ మగాడూ కలిస్తే నేరమనే 377 సెక్షన్ని నిలబెట్టి ఉంది. ఆ గేములో డోరియన్ అనే మాంత్రికుడున్నాడు, వాడికి మగవాళ్ళే ఇష్టం. వాళ్ళింటి నౌకరెవరో కలుస్తాడని ఉత్తరం వస్తుంది. తీరా రెడ్‌క్లిఫ్ సారాకొట్టుకి వెళ్తే కూర్చున్నది కన్నతండ్రి. కొడుకు బుద్ధి మార్చడానికి రక్తమంత్రం వేయబోయినవాడు. ఎంత అనాగరికం! మనవైపు అలాంటివి జరగవు. సోంపేటలో సంబంధం చూస్తారు, ముహూర్తం పెట్టిస్తారు, ఏమీ తెలియని పిల్లని ఒకర్తిని తెచ్చి గదిలోకి పంపుతారు, అన్నీ అవే సర్దుకుంటాయంటారు. రక్తం చుక్క రాలదు.

2018 సెప్టెంబరు 6న ఆ చట్టం సంకెల తెగింది. 2023 అక్టోబరు 17న పెళ్ళి హక్కు మాత్రం కోర్టు ఇవ్వలేదు. అంచేత ఇద్దరు మగాళ్ళు ప్రేమించుకోవడానికి బొబ్బిలి చాలు, పెళ్ళికి పెలికన్ టౌన్ దాకా పోవాలి.

ఇదంతా మనకి కొత్త అనేవాళ్ళకి ఒక పాత సంగతి. 1892లో విజయనగరంలోనే ఆడిన కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు డబ్బిచ్చి మరీ తాళి కట్టింది కరటకశాస్త్రి శిష్యుడు మహేశం మెడలో. నూట ముప్ఫై ఏళ్ళుగా పగలబడి నవ్వుతున్నాం, సంస్కృతికి గీత కూడా పడలేదు. మోసం చేసి కట్టిస్తే హాస్యం, చెప్పి చేసుకుంటే అపచారం. రూలు ఇంత తేట.

ఇక ఆఖరి అస్త్రం: పెద్దలేమంటారు? స్టార్‌డ్యూలో ఆ ఏర్పాటూ ఉంది. పొలం రాసిచ్చి పోయిన తాత మూడో ఏడు మొదటి రోజున దిగొచ్చి మనవడి బతుకుకి మార్కులేస్తాడు. మొత్తం 21. పెళ్ళయి, ఇల్లు రెండుసార్లు పెంచి ఉంటే దానికి ఒకటి. పన్నెండొస్తే సమాధి దగ్గర నాలుగు దీపాలూ వెలుగుతాయి. ఆ మార్కు వేసేటప్పుడు లోపలున్నది గుంటా గుంటడా అని తాత అడగడు. ఇల్లు పెంచావా లేదా అనే చూస్తాడు.