మట్టిలో కలిసేది బాల్సా ఒక్కటే

రిమోట్‌తో నడిచే చిన్న మోడల్ విమానాలు, అంటే ఆర్సీ విమానాలు, ఎగరేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చాలా రోజులుగా తిరుగుతోంది. నాకే నాలుగు వైపుల నుంచి వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "మోడల్ కూలితే మోటారు, రిసీవర్, బ్యాటరీ తెచ్చుకుంటే చాలు. మిగతాదంతా చెక్క, థర్మోకోల్. రెండు వానలకు మట్టిలో కలిసిపోతుంది. చిన్న చిన్న తీగలూ స్క్రూలూ ఎవరికీ అడ్డం కాదు. పాడైన లైపో బ్యాటరీని ఒక రాత్రి ఉప్పు నీళ్లలో నానబెట్టి చెత్తలో వేసేయొచ్చు. మనం ఎగరేసేది ఖాళీ జాగాల్లో, అవి ఎవరి సొత్తూ కాదు. ఫారిన్‌లోనూ ఇంతే. రూల్స్ పేరు చెప్పి కొత్తవాళ్లను భయపెట్టకండి."

చివరి మాటతో నాకు పేచీ లేదు. మిగతా వాటిలో ఒక్కటీ నిలబడదు. ఇందులో ఒక తప్పు నేను స్వయంగా చేసిందే కాబట్టి, పైనుంచి నీతులు చెబుతున్నాడని ఎవరూ అనుకోవద్దు.

"చెక్క మట్టిలో కలిసిపోతుంది."

ఒట్టి చెక్క అయితే నిజమే. ఈ విమానాలకు వాడే బాల్సా చెక్క మెత్తటిది, ఘనపు మీటరుకు సుమారు 160 కిలోలే తూగుతుంది. తేమ తగిలితే బూజు పడుతుంది, కుళ్లుతుంది. కానీ ఒట్టి బాల్సాను ఎగరేసేవాడెవడు? దాని మీద ఇస్త్రీపెట్టెతో అతికించే ఫిల్ము పాలిస్టర్. అతుకుల్లో ఫెవిక్విక్ జాతి జిగురు, ఎపాక్సీ. రెక్క నడుమ కార్బన్ రాడ్. చెక్క పోయాక ఇవన్నీ అక్కడే ఉంటాయి. మొన్న ఒక బీడులో ఎవరిదో ఎర్ర ఫిల్ము పేలిక చూశాను. రంగు కాస్త వెలిసింది, అంతే. దాని కింద ఉండాల్సిన పక్కటెముకలు మాత్రం ఎప్పుడో పోయాయి.

పైగా ఈ రోజుల్లో బాల్సా కట్టేవాళ్లు ఎంతమంది? మైదానానికి వచ్చేవాటిలో ఎక్కువ శాతం ఈపీఓ, థర్మోకోల్, సన్‌బోర్డ్, కోరోప్లాస్ట్ లాంటి ప్లాస్టిక్ నురుగులూ రేకులూ. వీటి విషయంలో "కలిసిపోవడం" అన్న మాటే తప్పు. థర్మోకోల్‌లో ఉండేది దాదాపు గాలే, మిగిలిన కాస్తా పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్. ఎండకు పెళుసెక్కి పూసలు పూసలుగా రాలుతుంది. ఆ పూసల్ని గాలి తోలుకుపోతుంది, వాన కాలవలోకి, కాలవ చెరువులోకి చేరుస్తుంది. మన కంటికి కనబడకుండా పోయినంత మాత్రాన మట్టిలో కలిసిపోయినట్టు కాదు. చేతికి అందే ముక్కగా ఉన్న రోజునే దాన్ని తీయాలి. పూసలయ్యాక తీయడం ఎవరి తరమూ కాదు.

"చిన్న తీగలూ స్క్రూలూ ఎవరికీ అడ్డం కాదు."

అసలు గొడవ ఇక్కడే.

మూడు వేసవుల కిందట నగరం దాటాక ఒక రైతు, మొక్కజొన్న కంకులు విరిచేశాక, తన చేనులో ఆదివారాలు ఎగరేసుకోమన్నాడు. డబ్బు అడగలేదు. పిల్లలు చూస్తారు, సరదాగా ఉంటుంది అన్నాడు. నా ట్రైనర్ విమానానికి తోక రెక్కను పైకీ కిందికీ ఆడించే చిన్న మోటారు, అంటే ఎలివేటర్ సర్వో, గేరు పళ్లు ఊడిపోయి, ముక్కు కిందికి పెట్టుకుని, కోసి పరిచిన చొప్ప మీద పడింది. మోటారు, స్పీడ్ కంట్రోలర్, రిసీవర్, బ్యాటరీ, సర్వోలు తీసుకున్నాం. పెద్ద ముక్కలు సంచిలో వేసుకున్నాం. ఇంటికొచ్చి చూస్తే, సర్వో కదలికను రెక్కలకు అందించే తీగలు, అంటే పుష్‌రాడ్లు, నాలుగింటిలో ఒకటే ఉంది. పోతే పోయిందిలే, రెండు మిల్లీమీటర్ల తీగ, కొత్తది కొనుక్కుంటే పోలే అనుకున్నాను.

రెండు వారాలకు రైతు ఫోన్ చేశాడు. వెళ్తే, గుడ్డలో చుట్టిన తీగ ముక్క నా చేతిలో పెట్టాడు. చాఫ్ కట్టర్‌లో చొప్ప వేస్తుంటే టంగుమని బ్లేడు ఆగిపోయిందట. తీగ ఒక చివర జడ్ ఆకారంలో వంపు. ఆ వంపు తిప్పింది నా పట్టకారే, చూడగానే గుర్తుపట్టాను.

"మిషన్ల పడ్డది గాబట్టి దొరికింది సారూ. బర్రె నోట్ల పడితె?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఊళ్లో పశువుల డాక్టరు దగ్గర కూర్చున్నాక తెలిసింది. మేక ఏదైనా తింటుందని మనవాళ్లు అంటారు గానీ, మేకా గొర్రే పెదవులతో ఏరి ఏరి తింటాయి. ఆవూ బర్రే అలా కాదు. నాలుకతో చుట్టి గుప్పెడు గుప్పెడుగా లాగి, సరిగా నమలకుండానే మింగేస్తాయి. తీరిగ్గా నెమరేసుకోవడం తర్వాత. గడ్డిలో తీగ ఉందో మేకు ఉందో వాటి నోటికి తెలియదు. బరువైన లోహం వెళ్లి తేనెపట్టులాంటి గళ్లుండే రెండో పొట్టలో కూర్చుంటుంది. దాని ముందు డయాఫ్రం అనే పొర, దాటితే గుండె. దూరం కొద్ది సెంటీమీటర్లే. ఆ పొట్ట ముడుచుకున్నప్పుడల్లా మొనదేలిన తీగ ఇంకాస్త ముందుకు పొడుచుకుంటుంది. పశువు మేత మానేస్తుంది, పాలు పడిపోతాయి, వీపు విల్లులా వంచి నిలబడుతుంది, పల్లంలోకి దిగాలంటే మొరాయిస్తుంది. గుండె చుట్టూ చీము చేరితే గంగడోలు దగ్గర నీరు దిగుతుంది. అక్కడిదాకా వచ్చాక బతకడం కష్టం. ముందే పసిగడితే పొట్ట కోసి తీయాలి.

ఇది మన హాబీ కొత్తగా తెచ్చిపెట్టిన రోగం కాదు. మేకులు, సూదులు, కంచె తీగలు మింగి పశువులు చావడం పశువైద్యులందరికీ తెలిసిన సంగతే. మనం ఆ రాశిలో ఇంకాస్త చేరుస్తున్నాం, అదీ గట్టి స్ప్రింగు ఉక్కుతో. ఆలోచిస్తే, చివర మొన, నడుమ బిగువు ఉన్న తీగ కంటే ఈ పనికి పనికొచ్చే వస్తువు ఇంకోటి చేయలేం. చక్రాలను మోసే ల్యాండింగ్ గేర్ కాడ, టార్షన్ రాడ్, క్లెవిస్ పిన్ను లాంటి చిన్న లోహపు భాగాలూ అదే బాపతు.

అయస్కాంతం వేస్తే అంటుకోదా అని అడిగారు ఒకాయన. పశువుకు అయస్కాంతం మింగించడమనే వైద్యం ఉంది, ఇనుప ముక్కల్ని అది పొట్టలోనే పట్టి ఉంచుతుంది. కానీ కార్బన్ పుల్ల దానికి అంటదు, అల్యూమినియం అంటదు. ఇంకో సంగతి, బ్రష్‌లెస్ మోటారు బయట తిరిగే గిన్నె, అంటే బెల్, పగిలితే లోపలి నియోడిమియం అయస్కాంతాలు గోరంత ముక్కలై రాలతాయి. విమానం పైభాగాన ఉండే క్యానపీ మూతకు అతికించిన చిన్న బిళ్లలూ అలాంటివే. చిన్నపిల్లలు రెండు బిళ్లలు మింగితే పేగుల మడతల్ని మధ్యలో ఇరికించి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పేగుకు చిల్లు పడుతుంది. మన విమానం కూలగానే పరుగెత్తుకొచ్చేది ఊరి పిల్లలే కదా.

"చిన్న ముక్కే కదా" అనేవాళ్లకు ఒక పక్కమాట. 2000 జులై 25న పారిస్ దగ్గర కాంకార్డ్ అనే ప్రయాణికుల విమానం కూలి, విమానంలో ఉన్న 109 మంది, నేల మీద నలుగురు చనిపోయారు. రన్‌వే మీద అంతకు ముందు ఎగిరిన విమానం నుంచి ఊడిపడిన టైటానియం పట్టీ, పొడవు 43 సెంటీమీటర్లు, కాంకార్డ్ టైరును చీల్చింది. అక్కడి నుంచే మొదలైంది. మన చేనుకూ దానికీ పోలిక లేదు, ఒప్పుకుంటాను. కానీ విమానాలతో పనిచేసేవాళ్లు రన్‌వే మీద వరసగా నడుస్తూ ముక్కలు ఏరడం దండగమారి అలవాటేం కాదు. నేను ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్చుకున్నప్పుడు మాస్టారు ప్రతి క్రాష్ తర్వాతా మమ్మల్ని చేయి చాపితే పక్కవాడి భుజం తగిలేంత దూరంలో నిలబెట్టి నడిపించేవారు. అప్పట్లో శిక్ష అనుకున్నాం.

ఇప్పుడు నేను చేసేది: పాత స్పీకర్ అయస్కాంతాన్ని కర్రకు కట్టి కూలిన చోట చుట్టూ పది అడుగులు లాగుతాను. ఇంట్లోనే ప్రతి మోడల్‌కూ తీగలెన్ని, స్క్రూలెన్ని అని ఫ్యూజలాజ్, అంటే విమానం ఒంటి, లోపల మార్కర్‌తో రాసి పెడతాను. పెద్ద శ్రమేం కాదు, ఏరుకున్నాక లెక్క సరిచూసుకోవడానికి.

"లైపోను ఉప్పు నీళ్లలో నానబెట్టి చెత్తలో వేసేయొచ్చు."

ఈ చిట్కా ఎంత పాతదో అంత చెడ్డది. ఉప్పు నీళ్లలో కరెంటు పారుతుంది, నిజమే. కానీ దాంతోపాటు ప్యాక్ లోహపు కొసల్ని తుప్పు తినేస్తుంది. కొస తెగితే సెల్లు లోపల చార్జి అలాగే మిగిలిపోతుంది. బయటికి చచ్చినట్టు కనబడుతుంది, లోపల బతికే ఉంటుంది. ఇక కవరు చిరిగిన ప్యాక్ అయితే అందులోని ఎలక్ట్రోలైట్ ఉప్పు నీటితో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుట్టిస్తుంది, అది ఊపిరితిత్తులకూ చర్మానికీ మంచిది కాదు. ఆ బకెట్టు ఇంట్లో బాత్రూంలో పెట్టుకుంటారా?

3ఎస్ 2200, అంటే మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్, ప్యాక్‌లో సుమారు 24 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. చెత్త బండి దాన్ని నలిపినప్పుడు ఏమవుతుందో ఊహించుకోండి. చట్టం సంగతీ ఉంది. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు లెడ్ యాసిడ్ మాత్రమే కాదు, అన్ని రకాల బ్యాటరీలకూ వర్తిస్తాయి. వాడినవాడు పాత బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకూడదు, సేకరించేవాళ్లకో రీసైకిల్ చేసేవాళ్లకో ఇవ్వాలి.

కూలిన ప్యాక్ మొదట మామూలుగా చల్లగానే ఉండొచ్చు. లోపలి పొర నలిగి ఉంటే అరగంటకో, ఇంకా ఆలస్యంగానో ఉబ్బి, పొగ వచ్చి, మంట లేస్తుంది. అందుకే వెంటనే కారు డిక్కీలో పెట్టొద్దు. కనెక్టర్ విప్పి, ఎండుగడ్డికి దూరంగా ఒట్టి నేల మీద పెట్టి కనిపెట్టుకుని ఉండండి. పొడి ఇసుక ఉన్న రేకు డబ్బాలో, మూత బిగించకుండా తీసుకెళ్లండి. ఉబ్బకుండా, చిరగకుండా ఉండి, వయసు మీరిందే అయితే కారు ఇండికేటర్ బల్బు, 21 వాట్లది, తగిలించి కళ్లముందే ఖాళీ చేయొచ్చు. గంటన్నర లోపే అయిపోతుంది. చిరిగిన దానికి ఆ ప్రయోగం కూడా వద్దు. కొసలకు టేపు చుట్టి అదే ఇసుక డబ్బాతో ఈ-వేస్ట్ వాళ్లకు ఇచ్చేయండి.

"ఖాళీ జాగాలు ఎవరి సొత్తూ కాదు."

ఎండిన చెరువు శిఖమో, గ్రామ బీడో, ఎవరిదో పట్టా భూమో. ఖాళీగా కనబడే ప్రతి చోటా పొద్దున ఒక మంద, సాయంత్రం ఇంకో మంద మేస్తుంది. మనం వెళ్లేది వారానికి ఒక్కసారి, ఆరు నుంచి తొమ్మిది దాకా. ఎవరి జాగా అన్నది ఈ లెక్కే చెబుతుంది.

"ఫారిన్‌లోనూ ఇంతే."

కాదు. అమెరికాలో 250 గ్రాములు దాటిన మోడల్ మీద రిజిస్ట్రేషన్ నంబరు బయటి వైపే కనబడాలని 2019 నుంచి నిబంధన. రేడియో లేని ఫ్రీ ఫ్లైట్ విమానాలు ఎగరేసేవాళ్లయితే అంతకు ఎంతో ముందు నుంచీ రెక్క మీద పేరూ చిరునామా రాసుకునేవాళ్లు, ఎగిరి ఎక్కడో పొరుగు పొలంలో దిగితే తిరిగి రావాలి కదా మరి. మన రెక్క మీద ఫోన్ నంబరు అంటించుకోవడానికి ఏ చట్టమూ అడ్డం లేదు.

"కొత్తవాళ్లను భయపెట్టకండి."

భయపెట్టొద్దు, నేర్పండి. విమానం కూలేటప్పుడు దాని వెనక కనబడే చెట్టునో కరెంటు స్తంభాన్నో గుర్తు పెట్టుకుని, అదే గీత మీద నడవమనండి. ఎత్తు పైరులో పది అడుగులు పక్కకు తప్పినా దొరకదు. బ్యాటరీ విప్పేదాకా చేతిలోని రిమోట్, అంటే ట్రాన్స్‌మిటర్, ఆపొద్దు, థ్రాటిల్ సున్నాలో ఉంచి దాని మీది స్టిక్కులు అటూ ఇటూ ఆడిస్తే సర్వోల చప్పుడు దారి చూపిస్తుంది. పైలట్లు నిలబడే గీత దాటే ముందు "మైదానంలోకి వెళ్తున్నా" అని గట్టిగా అరవాలి, గాల్లో ఉన్నవాళ్లు సరే అన్నాకే కదలాలి. పాత 72 మెగాహెర్ట్జ్ రేడియో సెట్ల కాలంలో ఈ క్రమశిక్షణ దానంతటదే ఉండేది, పక్కవాడి చానల్లో ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తే వాడి విమానం కళ్ల ముందే కూలేది. ఇప్పుడు ఒకరి సిగ్నల్ ఇంకొకరికి అడ్డురాని 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చి పక్కవాడున్నాడన్న సంగతే మరిచిపోయాం. పైరు నిలబడి ఉంటే రైతును అడిగి, సాళ్ల వెంబడి ఒక్కరే వెళ్లండి. తొక్కిన దానికి డబ్బు ఇవ్వండి, ఆయన వద్దన్నా.

ఆ మొక్కజొన్న రైతు మమ్మల్ని తిట్టలేదు. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు, మేమూ అడగలేదు. చాఫ్ కట్టర్ బ్లేడు మార్పించి, కర్రకు కట్టిన అయస్కాంతంతో రెండు పూటలు ఆ చేనంతా లాగాను. ఒక పుష్‌రాడ్ దొరికింది. సంచిలో వచ్చింది ఒకటి, మిషన్లో దొరికింది ఒకటి, ఇది మూడోది. నాలుగోది ఇప్పటికీ దొరకలేదు.