వంజరానికి ఇంగ్లీషులో ఏ పేరు రాయాలి?

గోపాల్‌పూర్ ఇసుకలో పడవ దించిన చేపకు మొదటి ధర పలికేది తెలుగులోనే. ఒడిశాలోని గంజాం జిల్లా తీరం వెంబడి వేటకు వెళ్లే కుటుంబాలను ఒడియా వారు నొలియాలంటారు. తమను తాము వాడబలిజలమనో జాలర్లమనో చెప్పుకునే ఆ కుటుంబాల ఇంటి మాట తెలుగు. కొనేవాడు బరంపురం నుంచి వచ్చిన వ్యాపారి కనుక బేరంలో రెండో మాట ఒడియా అవుతుంది. సరుకు ఐసు పెట్టెలోకి ఎక్కి, చీటీ మీద పేరు పడే వేళకు ఇంగ్లీషు దిగుతుంది. తెలుగు పేరు ఒడియా గుమాస్తాకు తెలియదు, ఒడియా పేరు కొల్‌కతాలో దించుకునేవాడికి తెలియదు, కాబట్టి ఇద్దరికీ పరాయిదైన భాష మధ్యవర్తి కావడంలో వింత లేదు. అయితే ఈ ఏర్పాటు వెనుక ఒక నమ్మకం పనిచేస్తోంది: మన పేర్లు ఊరికొక తీరుగా ఉండే వాడుక మాటలు, ఇంగ్లీషు పేరు మాత్రం ఖచ్చితమైనది అని. చేపలు, గింజలు, పాముల వరకు చూస్తే ఆ నమ్మకానికి ఆధారం చాలా తక్కువ.

ముందు వంజరం సంగతి. తీరంలో చేపలు వేరు చేసే ఆడవాళ్లు కోనాం, వంజరం అని రెండు పేర్లు వాడతారు. పక్క మీద నిలువుగా, కాస్త వంకరగా దిగే సన్నని చారలుంటే కోనాం. చారలు లేకుండా గుండ్రటి నల్లని మచ్చలు వరుసలు కట్టి ఉంటే వంజరం. శాస్త్రజ్ఞులు కూడా వీటిని రెండు వేర్వేరు జాతులుగానే లెక్కవేశారు: చారలది స్కాంబరోమోరస్ కామర్సన్, మచ్చలది స్కాంబరోమోరస్ గుట్టాటస్. చీటీ మీదికి వచ్చేసరికి మాత్రం రెండూ కలిసి ‘సీర్ ఫిష్’ అయిపోతాయి. పోర్చుగీసు నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ఆ మాటకు ఈ తేడాతో నిమిత్తం లేదు. మరో గుమాస్తా దాన్నే ‘కింగ్ ఫిష్’ అని రాస్తాడు. ఆస్ట్రేలియాలో కింగ్ ఫిష్ అంటే సీరియోలా అనే పూర్తిగా వేరే చేప. అంతర్జాతీయ మత్స్య జాబితాలు కోనాంను ‘నారో బార్డ్ స్పానిష్ మ్యాకరెల్’ అంటాయి. అది గోపాల్‌పూర్ చేపను స్పెయిన్‌కు ముడిపెట్టే పేరే అయినా, ఈ ఇంగ్లీషు పేర్లలో చారల సంగతిని గుర్తుపెట్టుకున్నది ఇదొక్కటే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మాగ చేపను ఎగుమతిదారులు ‘ఇండియన్ సాల్మన్’ అంటారు. దానికీ సాల్మన్‌కూ ఏ చుట్టరికమూ లేదు, ఆ పేరుకు ధర పలుకుతుందన్నదే అసలు కారణం. వనమట్టలు ‘బాంబే డక్’ అన్న పేరుతో చలామణీ అవుతాయి, వాటిలో బాతు ఎక్కడా కనిపించదు. పండుగప్పకైతే మూడు పేర్లు: చెరువుల్లో పెంచేవారికి ‘ఏషియన్ సీబాస్’, పెద్ద హోటళ్లలో ‘బారముండీ’, ఒడిశా, బెంగాల్ మార్కెట్లలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా భేక్టీయే. ఈ మూడింటిలో ఏది సరైనదని అడగడం కంటే, చేతిలో ఉన్న కాగితం ఎవరి బల్ల మీదికి వెళుతుందని అడగడం మేలు. మేత కంపెనీకి రాసేటప్పుడు సీబాస్, కొల్‌కతా వ్యాపారికి భేక్టీ, ప్రయోగశాలకు పంపే నమూనా మీద శాస్త్రీయ నామమైన లేటిస్ కాల్కరిఫర్. ఒకే చేపకు మూడు కాగితాల్లో మూడు పేర్లు రాయడం తప్పు కాదు. ఒకే కాగితంలో రెండు పేర్లు రాసి, అవి రెండు చేపలని చదివేవాడు అనుకునేలా వదిలేయడమే తప్పు.

ఈ విషయంలో ఒక చారిత్రక సందర్భం మనకు అనుకూలంగా ఉంది. 1780లలో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి, అక్కడి జాలర్లు తెచ్చిన చేపలను గీయించి, వాళ్లు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ రెండు వందల చేపల వివరాలు 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆ పేర్లలో ఒకటైన ‘కానాగుర్త’ను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే 1816లో ఉన్నదున్నట్టు తీసుకుని శాస్త్రీయ నామంలో పెట్టాడు. మనం కానాగడతలనే చేపలను ప్రపంచమంతటా రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా అంటున్నారంటే కారణం ఆ తీరపు తెలుగు. పసుపు, నలుపు పట్టీల పాము కూడా అంతే. రస్సెల్ ‘బంగారుం పాము’ అని రాసుకున్న పేరు నుంచే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అన్న పేరు వచ్చింది. అంటే రెండు శతాబ్దాల కింద, వస్తువును చేత్తో పట్టుకున్న మనిషి చెప్పిన పేరును చదువుకున్నవాడు నమ్మాడు. ఇప్పుడు ఆ వరస తిరగబడింది. ఒడ్డున ఉన్నవాళ్లే ఫోనులో అనువాదం చూసి, అది చూపిన ఒక్క మాటను పట్టుకుని తమ పేరును కొట్టేస్తున్నారు.

చేపల దగ్గర ఈ తడబాటుతో పోయేది బేరంలో కొంత సొమ్ము. కొండల మీద పండే గింజల దగ్గర పోయేది ప్రభుత్వం ఇచ్చే ధర. రాయగడ, కొరాపుట్ కొండల్లో వానాకాలం పోయాక పసుపు పచ్చగా పూచే ఒలిసెలను అక్కడి ఒడియాలో అలసి అంటారు. ఒడిశా దాటి ఉత్తరాదికి పోతే అలసి అంటే ఒలిసెలు కావు, అవిసెలు. మన వైపు నుంచి సంతకు వెళ్లిన చిన్న వ్యాపారి అలసి అన్న మాట విని నిఘంటువు తెరిస్తే లిన్‌సీడ్ అని దొరుకుతుంది. ఫోనులో వెతికితే ఫ్లాక్స్ సీడ్ అని వస్తుంది. ఈ రెండూ అవిసెలకున్న రెండు ఇంగ్లీషు పేర్లే, ఒలిసెలతో వాటికి సంబంధం లేదు. ఒలిసెలకు ఇంగ్లీషులో నైజర్‌సీడ్ అని రాయాలి. కేంద్రం ప్రకటించే ఖరీఫ్ పంటల కనీస మద్దతు ధరల జాబితాలో నైజర్‌సీడ్ ఉంది, లిన్‌సీడ్ ఖరీఫ్‌లోనూ లేదు, రబీలోనూ లేదు. బస్తా మీద తప్పు పేరు పడితే మద్దతు ధర ఉన్న పంట కాగితాల్లో మద్దతు ధర లేని పంటగా మారిపోతుంది. నైజర్ అన్న పేరు మీద కూడా ఇంగ్లీషు వారికే పూర్తి నమ్మకం లేదు: అమెరికాలో ఈ గింజను పిట్టల మేతగా అమ్మేవారు దాని అక్షరాలు మార్చి, కొత్త స్పెల్లింగును ట్రేడ్‌మార్కు చేసుకున్నారు.

పాత రికార్డులు చదివేవారికి మరో గోతి ఉంది. గంజాం 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి, ఆనాటి వ్యవసాయ లెక్కలు మద్రాసు ఇంగ్లీషులోనే నడిచాయి. ఆ ఇంగ్లీషులో ‘చోలం’ అంటే జొన్నలు, తమిళం నుంచి వచ్చిన మాట అది. ఉత్తరాంధ్రలోనూ ఒడిశా సరిహద్దులోనూ మనం చోళ్లు అనేవి రాగులు, ఒడియాలో మాండియా, ఇప్పటి ఇంగ్లీషులో ఫింగర్ మిల్లెట్. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన చిరుధాన్యాల కార్యక్రమానికి మాండియాయే ముఖ్య పంట. ఈ ప్రాంతంలో ఒకప్పుడు చోళ్లు ఎంత పండేవో తెలుసుకోవాలని పాత లెక్కలు తిరగేసేవారు చోలం అన్న గడిని చూస్తే జొన్నల విస్తీర్ణాన్ని చోళ్లకు అంటగడతారు. వెతకాల్సిన గడి రాగి.

ఊరి పేర్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బరంపురం స్టేషను బోర్డు మీద ఒక స్పెల్లింగు, విశ్వవిద్యాలయం పట్టా మీద మరొకటి ఉన్నాయి. పర్లాకిమిడి పాత సర్టిఫికెట్లలో ఒక తీరుగా, కొత్త ఆధార్ కార్డుల్లో ఇంకొక తీరుగా కనిపిస్తుంది. ఒక అఫిడవిట్‌తో తీరిపోయే బాధ అది. అదే పర్లాకిమిడిలో ఉంటూ గిడుగు రామమూర్తి సవర గిరిజనుల మాటలను వాళ్ల నోటి నుంచే విని నిఘంటువులు కూర్చిన పద్ధతి మాత్రం ఇక్కడ పనికొస్తుంది. ఇంగ్లీషు మాట ముందు పెట్టుకుని దానికి సవరలో సమానార్థకం వెతకడం కాకుండా, ఆ మనుషులు దేన్ని ఏమంటున్నారో ముందు వినడం ఆయన చేసిన పని.

పాము కాటు దగ్గర పేరు విలువ ఎంతో, దానికి హద్దు ఎక్కడో రెండూ తెలుస్తాయి. గజపతి జిల్లా కొండ పల్లె నుంచి వచ్చిన తెలుగు కుటుంబం పింజర కరిచిందంటుంది, ఒడియా నర్సు బోడా అని అర్థం చేసుకుంటుంది, కేసు షీటు మీద ‘వైపర్’ అని పడుతుంది. రక్తపింజర, చిన్న పింజర రెండూ వైపర్లే. తూర్పు కనుమల వెదురు పొదల్లో ఉండే ఆకుపచ్చ పాము కూడా, పిట్ వైపర్ కనుక, ఆ మాటలోకే వస్తుంది. మన దేశంలో తయారయ్యే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటి విషంతో చేసింది, పిట్ వైపర్‌కు అది చేసిన మందు కాదు. ఇక్కడ ఇంగ్లీషు మాట తప్పు కాదు, మరీ వెడల్పైనది. అందుకే తెలిసిన వైద్యులు పేరు మీద ఆధారపడరు. రక్తాన్ని గాజు గొట్టంలో తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూస్తారు, కనురెప్పలు వాలుతున్నాయేమో గమనిస్తారు. వస్తువునే పరీక్షించే అవకాశం ఉన్నచోట పేరు వెనక్కి తగ్గాలి. పాము రంగు, పట్టీలు, తల ఆకారం గురించి ఇంటివారు చెప్పేది మాత్రం ఒక్క ఇంగ్లీషు ముక్కగా కుదించకుండా, చెప్పింది చెప్పినట్టు షీటు మీద రాయాలి.

శాస్త్రీయ నామం ఉండగా ఇంత తర్జనభర్జన ఎందుకని అడగవచ్చు. ఆ ప్రశ్నలో సగం న్యాయం ఉంది. కోనాంను వంజరం నుంచి, ఒలిసెలను అవిసెల నుంచి సందేహం లేకుండా విడదీసేది శాస్త్రీయ నామమే. అయితే అదీ శాశ్వతం కాదు. మనం బొచ్చె అనే కట్లా చేపను చాలాకాలం కట్లా కట్లా అన్న శాస్త్రజ్ఞులే ఇప్పుడు దాన్ని లేబియో కట్లా చేశారు. పైగా వేకువన ఇసుకలో వేలం పాడుతున్నవారెవరూ లాటిన్ రాయరు, రాయమనడం సబబు కూడా కాదు.

నా అభిప్రాయంలో ఈ పని మత్స్యకార సహకార సంఘాలు, జిల్లా కృషి విజ్ఞాన కేంద్రాలు కలిసి చేయవలసినది. సంఘానికి ఒక రిజిస్టరు ఉండాలి. అందులో ముందు చేప లేదా గింజ ఫొటో, దాని పక్కన ఒడ్డునో కళ్లంలోనో వాడే తెలుగు పేరు, తర్వాత ఒడియా పేరు, ఆ తర్వాత ఏ కాగితానికి ఏ ఇంగ్లీషు పేరో విడివిడిగా, చివర శాస్త్రీయ నామం ఉండాలి. శాస్త్రీయ నామాన్ని ఒక్కసారి సరిచూసి రాయించుకుంటే చాలు, దానికి విశాఖపట్నంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం ఉంది. తెలుగు పేరు కోసం మాత్రం ఇంగ్లీషు తెలిసిన కుర్రవాణ్ణి కాకుండా చేపలు వేరు చేసే ఆడవాళ్లను అడగాలి, చారలకూ మచ్చలకూ తేడా చూసి ధర కట్టేది వాళ్లు కాబట్టి. ఇక మిగిలింది లిపి. ఈ తీరంలో పిల్లలు చాలామంది ఒడియా బడిలో చదువుతున్నారు, తెలుగు మాట్లాడినా తెలుగు అక్షరాలు చదవలేరు. తెలుగు పేరును తెలుగు లిపిలో ఒకసారి, ఒడియా లిపిలో మరోసారి రాయక తప్పదు. చోటు ఒక్కదానికే ఉందంటే నేను ఒడియా లిపికే మొగ్గుతాను, కోనాం అన్న మాటను వాళ్లు చదవగలిగేది అందులోనే.