డిసిప్లినరీ కమిటీ వారికి గేటెదురు జిరాక్స్ షాపువాడి దండాలు

అయ్యా కమిటీ వారూ,

నేనెవరో మీకు తెలియకపోవచ్చు. కాలేజీ గేటుకి ఎదురుగా, టీ బడ్డీ పక్కన, నీలం రేకు కింద ఉన్న జిరాక్స్ షాపు నాది. మీ కాలేజీ పేరు రాయను. ఒడిశాలోని మా పర్లాకిమిడి చిన్న ఊరు, ఎవరికి అర్థం కావాలో వాళ్లకి అవుతుంది. పోయినేడు కలర్ ప్రింటర్ కొన్నానంటే అంతా మీ చలవే. దండం పెట్టుకోకపోతే కళ్లు పోతాయని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరు నోటీసిచ్చిన అరగంటకి కుర్రాడు నా దగ్గర తేలతాడు. "ఏది బాబూ? ఫోనా, హాజరా, ఎదురు మాట్లాడటమా?" అని అడుగుతాను. క్షమాపణ పత్రాలు మూడు రకాలు నా కంప్యూటర్లో సిద్ధంగా ఉంటాయి. పేరు, రోల్ నంబరు మారిస్తే చాలు, కాగితం పది రూపాయలు. ఏ తప్పు చేశాడో మాత్రం అందులో రాయను. మీ నోటీసులో ఉంటే కదా నేను రాయడానికి! "క్రమశిక్షణకు విరుద్ధమైన ప్రవర్తన" అన్న ముక్క తప్ప ఇంకేమీ ఉండదు.

అదీ ఇంగ్లిషులోనే. వాక్యం మొదలైతే ఆరు లైన్ల దాకా ఫుల్‌స్టాప్ కనబడదు. తెలుగు పిల్లలకీ ఒడియా పిల్లలకీ సమానంగా అర్థం కాదు. సమన్యాయం అంటే ఇదే కాబోలు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో పంతులుగా చేరింది ఈ ఊళ్లోనే. జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా కొట్లాడారు, సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష కూడా నేర్చుకున్నారు. 1936లో ఊరిని ఒడిశాలో కలిపేశారని మనసు విరిగి రాజమండ్రి వెళ్లిపోయారు. మీ నోటీసు ఒక్కటి చదివుంటే ఇంకా ముందే సామాను సర్దేవారు.

"గార్డియన్‌తో హాజరు కావాలి" అని కింద ఒక లైను ఉంటుంది చూశారూ, అది నాకు మహా ఇష్టం. పాతపట్నం వైపు పల్లెల నుంచి వచ్చే పిల్లల తండ్రులు పొలంలోనో, దూర దేశం కూలి పనిలోనో ఉంటారు. మీ ముందు ఒక పూట నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకని టీ బడ్డీ దగ్గరుండే ఆటో అన్న అందరికీ చిన్నాన్న అయ్యాడు. ఏడాదిలో తొమ్మిది మంది తరఫున మీ ముందు తల వంచుకుని నిలబడ్డాడు, అందులో ఇద్దరు ఒడియా పిల్లలు. "నువ్వు మొన్న కూడా వచ్చావు కదయ్యా" అని మీలో ఒక్కరూ అనలేదు. కుర్రాడి మొహమే చూడని వాళ్లు చిన్నాన్న మొహం ఏం చూస్తారు లెండి.

అసలు సంగతికి వస్తాను. మీ ఆఫీసు ప్రింటర్ మూలన పడ్డప్పటి నుంచి అటెండర్ గారు పెన్‌డ్రైవ్ పట్టుకుని నా దగ్గరికే వస్తున్నారు. చేతిలోకొచ్చిన కాగితమల్లా చదివే జబ్బు నాకుంది, క్షమించాలి. ఆ మంగళవారం రెండు ఫైళ్లు తీయమన్నారు. మొదటిది ఒక సెకండియర్ కుర్రాడికి నోటీసు: గురువారం పదకొండు గంటలకి వచ్చి సంజాయిషీ ఇచ్చుకోవాలి. రెండోది ఆర్డరు: "విద్యార్థి సంజాయిషీని కమిటీ క్షుణ్ణంగా పరిశీలించినది. సంతృప్తికరముగా లేదు." పదిహేను రోజుల సస్పెన్షన్. తేదీ దగ్గర చుక్కలు. రెండు కాగితాలూ ఒకదాని వెనక ఒకటి వేడివేడిగా బయటికొచ్చాయి.

"ఏవండీ, వాణ్ణింకా అడగనే లేదు కదా" అన్నాను. "ఈ ఎండలో మళ్లీ మళ్లీ ఎవరు తిరుగుతారు బాబూ" అన్నారాయన. అదీ నిజమే.

ఆ కుర్రాడు చేసిన ఘోరం ఏమిటంటే, హాస్టల్ పప్పులో తేలిన పురుగుని ఫోన్‌తో ఫోటో తీశాడు. పురుగు మీద విచారణ జరిగినట్టు లేదు. గార్డియన్ దొరకలేదేమో పాపం.

లా చదివే పిల్లలు నోట్సు తీయించుకోవడానికి నా దగ్గరికొస్తారు. అందులో కనబడింది: ఉత్తరప్రదేశ్‌లో ముగ్గురు ఇంటర్ పిల్లల్ని ఒక్క మాట అడగకుండా వాళ్ల ఫలితాలు రద్దు చేసింది బోర్డు. అది చెల్లదని, శిక్ష వేసే ముందు వాళ్ల మాట వినాలని 1962లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీకు పనికొచ్చేదీ ఉంది, దాచడం దేనికి? 1973లో రాంచీ మెడికల్ కాలేజీ కేసులో అదే కోర్టు, ఫిర్యాదు చేసిన అమ్మాయిల్ని ఆరోపణలున్న కుర్రాళ్ల ఎదుట నిలబెట్టి ప్రశ్నలు వేయించక్కర్లేదంది. కానీ అక్కడ కూడా ఆరోపణ ఏమిటో కాగితం మీద రాసిచ్చారు, జవాబు విన్నారు, శిక్ష ఆ తర్వాతే. "ఆ తర్వాతే" కింద గీత గీసి మీకో కాపీ ఉంచాను. డబ్బులొద్దు.

ర్యాగింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం మీ ఓపికకి మొక్కాలి. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం నేరం కనబడితే 24 గంటల్లో ఎఫ్‌ఐఆర్ పెట్టించాలట. పిల్లలూ తల్లిదండ్రులూ ఇవ్వాల్సిన అఫిడవిట్లు నేనే కట్టలు కట్టలుగా తీస్తాను, ఆ ముక్క అలా కంటబడింది. మొన్న ఫస్టియర్ పిల్లాణ్ణి తెల్లవార్లూ ఒంటికాలి మీద నిలబెట్టిన సీనియర్లకి నోటీసు లేదు, చిన్నాన్న అక్కర్లేదు. మూడు వారాలు నానబెట్టి, టీ బడ్డీ నుంచి ఆరు టీలు తెప్పించి "ఇరువురి మధ్య అపార్థం" అని తేల్చేశారు. ఆ పిల్లాడి చేత సంతకం పెట్టించిన రాజీ పత్రం నా దగ్గరే టైపయింది. ఇప్పుడది నా కంప్యూటర్లో నాలుగో రకం. ఇరవై రూపాయలు.

ఇంకో మాట. మీ పెన్‌డ్రైవ్ నా షాపులోనే ఉండిపోయింది. వచ్చే నెల ఆర్డర్లు పదకొండు ఉన్నాయి అందులో. సంజాయిషీలు పదకొండూ సంతృప్తికరముగా లేవు. పేర్ల దగ్గర మాత్రం చుక్కలున్నాయి. మనిషిని పంపితే ఇచ్చేస్తాను. పాత బాకీ నూట ముప్పై కూడా ఆయన చేతికిచ్చి పంపండి.

ఇట్లు,
గేటెదురు జిరాక్స్