హైవే పెగ్స్ బిగించడం పది నిమిషాల పనా?

హైవే పెగ్స్ అంటే దూరం పోయేటప్పుడు కాళ్లు ముందుకు చాపి పెట్టుకోవడానికి బండి ముందుండే క్రాష్ గార్డు పైపుకు బిగించే ఫుట్ రెస్టులు. వీటి మీద బుల్లెట్ నడిపేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. "హైవే పెగ్స్‌కు మెకానిక్ ఎందుకు దండగ? ఒక అలెన్ కీ, పది నిమిషాలు చాలు. ఏ క్రాష్ గార్డుకైనా పడతాయి. వదులుగా ఉంటే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి గట్టిగా బిగించండి. ఇక ఎంత దూరం పోయినా నడుం నొప్పి రాదు." మెకానిక్ అక్కర్లేదన్న మాట ఒప్పుకుంటాను. నా క్లాసిక్ 350కి నేనే బిగించుకున్నాను. మిగతా మాటలతోనే నాకు పేచీ.

ఏ గార్డుకైనా పడవు. గార్డు పైపులు 22, 25, 32 మిల్లీమీటర్లు, ఇలా రకరకాలుగా ఉంటాయి. పెగ్గును పైపుకు పట్టి ఉంచే క్లాంపు ఆ పైపు సైజుదే కొనాలి. కొలవడం తేలిక: పైపుకు దారం ఒక చుట్టు చుట్టి, ఆ పొడవును 3.14తో భాగించండి. దారం 78, 79 మిల్లీమీటర్లు వస్తే పైపు 25ది, 100 వస్తే 32ది.

ట్యూబు ముక్క చిట్కాకు నేనూ పడిపోయాను. 25 పైపుకు 32 క్లాంపు, మధ్యలో నాలుగు చుట్ల ట్యూబు. ఇంటి ముందు ఎక్కి తొక్కినా కదల్లేదు. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దాటాక టీకి ఆగి చూస్తే, కుడి పెగ్గు తల వేలాడేసింది (ఏ పెగ్గు తాగిందని మా వాడి జోకు). పైపు మీద పెయింటు గీసుకుపోయి ఇనుము మెరుస్తోంది. రబ్బరు నలిగేకొద్దీ క్లాంపు పట్టు పోతుంది. పైగా కాలి బరువు పడేది పెగ్గు చివర. అంటే స్పానర్ కొస పట్టుకుని క్లాంపును తిప్పుతున్నట్టే. గట్టిగా బిగిస్తే సరిపోతుందా అంటే, అల్యూమినియం క్లాంపులో మర ఊడొస్తుంది. విడి నట్టు ఉంటే నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవనిది) వాడండి. మర క్లాంపులోనే ఉంటే నీలం థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి. ఏదైనా వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అలెన్ కీ పెట్టి చూసుకోవాల్సిందే.

పది నిమిషాలు బిగించడానికి. చోటు కుదరడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఎవరినైనా బండి నిటారుగా పట్టుకోమని, ఎక్కి కూర్చుని కాళ్లు చాపండి. మోకాలు కాస్త వంగే ఉండాలి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పండి, ముందు సస్పెన్షన్‌ను నొక్కండి, మడ్‌గార్డు ఎక్కడా తగలకూడదు. బూటు సైలెన్సర్ బెండుకు ఆనకూడదు. పెగ్గు పైకి మడిచేదై ఉండాలి. మడవనిది మలుపులో నేలకు తగిలితే బండినే లేపేస్తుంది.

నడుం నొప్పి మాట సగమే నిజం. మోకాళ్లకు హాయిగానే ఉంటుంది. కానీ మామూలు ఫుట్ రెస్టు మీద కాళ్లుంటే గతుకు రాగానే సీటు మీంచి కాస్త లేస్తాం. కాళ్లు ముందుకు చాపితే లేవలేం, దెబ్బంతా వెన్నుకే.

ఆ సలహాలో బ్రేకు ఊసే లేదు. 80 వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. కాలు వెనక్కి తెచ్చి బ్రేకు మీద పెట్టడానికి ఒక్క సెకను పట్టినా అంత దూరం పోయినట్టే. ఎక్కువ ఆపేది ముందు బ్రేకే కదా అంటారు. నిజమే, కానీ గేరు కూడా కాలికిందే ఉంది. అందుకే హైదరాబాద్ శివారు హయత్‌నగర్ దాటేదాకా నా పెగ్గులు మడిచే ఉంటాయి. దాటాక కూడా, దూరంగా గేదె కనబడితే కాళ్లు వెనక్కే.