కార్బురేటర్ చేసిన పాపం

ఈ దేశంలో శిక్ష తప్పు చేసినోడికి పడదు, స్క్రూడ్రైవరుకు అందినోడికి పడుతుంది. ఈ సత్యం నాకు తిరుపతిలో, మే నెల మిట్టమధ్యాహ్నం, కపిలతీర్థం రోడ్డు మీద బోధపడింది. బోధించింది మా యమహా ఆర్‌ఎక్స్ 100 బండి.

1985లో పుట్టి 1996లో ఆగిపోయిన వంశం అది. 98 సీసీ, 11 గుర్రాల బలం, సాంబ్రాణి వేసినంత పొగ. పొద్దున చల్లటి వేళ ఒక్క కిక్కుకే లేస్తుంది. లీలామహల్ సర్కిల్ దాటి ఒళ్ళు కాలేసరికి టప్పున ఆగిపోతుంది. చెట్టు నీడలో 20 నిమిషాలు నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ లేస్తుంది. షెడ్డు దాకా తోసుకుపోయేలోపు ఎలాగూ చల్లబడుతుంది కాబట్టి మెకానిక్ ఎదుట ఒక్కనాడూ ఆగలేదు. తనిఖీ రోజున ఆఫీసులో కుర్చీలన్నీ నిండి ఉన్నట్టే.

విచారణ మొదలైంది. మొదటి ముద్దాయి, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్. పాపం, దానికి స్క్రూలున్నాయి! నాలుగుసార్లు విప్పి పెట్రోలుతో తలంటు పోశారు, పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల జెట్లలోకి గాలి కొట్టారు. తర్వాత ప్లగ్గు మార్చారు. కార్బన్ పట్టిందని సైలెన్సర్ను కాల్చారు.

ప్లగ్గుకు రవ్వ పుట్టించే సీడీఐ అనే నల్లడబ్బా వైపు మాత్రం ఎవరూ కన్నెత్తి చూడలేదు. స్క్రూ లేదు, మూత లేదు, లోపలంతా గట్టిపడిన రెసిన్. మ్యాగ్నెట్ తిరుగుతుంటే సోర్సు కాయిల్ పంపే కరెంటును రెండు మూడు వందల వోల్టుల దాకా కెపాసిటర్లో దాచుకుని, పల్సర్ కాయిల్ కన్నుకొట్టిన క్షణాన మొత్తం వోల్టేజీ పెంచే హెచ్‌టీ కాయిల్ మీదకు వదలడం దాని ఉద్యోగం. అప్పుడే ప్లగ్గులో రవ్వ. మైసూరు యెజ్డీల కాలంలో అయితే ప్లాటినం పాయింట్లు ఉండేవి, ఎమెరీ పేపరుతో నాలుగు రుద్దులు రుద్దితే నోరు విప్పేవి. ఈ నల్లడబ్బాను ఏమని రుద్దేది?

చివరికి కొర్లగుంటలో ఒక పెద్దాయన దగ్గర పడినాను.

"కార్బురేటర్ జోలికి పోవద్దు నైనా. ముందు రవ్వ ఉండాదేమో చూడు" అన్నాడు.

బండి ఆగేదాకా తానే తిప్పుకొచ్చి, ప్లగ్గు విప్పి హెడ్డుకు ఆనించి కిక్కు కొట్టాడు. రవ్వ లేదు. వేడి మీదే మీటరు పెట్టాడు, కాయిల్స్ అన్నీ బాగున్నాయి. భుజం మీది తువ్వాలు తడిపి సీడీఐ మీద కప్పి, బీడీ ముట్టించాడు. బీడీ అయిపోయాక మళ్ళీ కిక్కు. నీలం రవ్వ! తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళను చాలామందిని చూశాను గానీ, తడిగుడ్డతో ప్రాణం పోసినాయన్ను అదే చూడటం.

కొత్తది కొందామని పోతే అంగట్లో ఒరిజినల్, ఫస్ట్ ఒరిజినల్, కంపెనీ ఒరిజినల్ అని మూడు రకాలున్నాయి. నేను తెచ్చిన ఒరిజినల్ ఎనిమిదో రోజున కన్నుమూసింది. దాంతో పాత డబ్బానే ఒక టీవీ మెకానిక్‌కు అప్పగించాను. అతగాడు రెండు సాయంత్రాలు వేడిగాలి కొట్టి, రెసిన్ను చాకుమొనతో గోకి గోకి, లోపలి ఒక పార్టు కాలి అతుకు దగ్గర వెంట్రుకవాసి చీలిక పట్టాడు. కాలితే విడిపోతుంది, చల్లబడితే అతుక్కుంటుంది (మా చిన్నాన్న గారి ఆస్తి తగాదా మాదిరి). చుక్క సోల్డర్ వేసి, పైన ఎంసీల్ మెత్తాడు. అంతే.

నాలుగు నెలలు బండి మహారాజులా తిరిగింది. మొన్న అలిపిరి దగ్గర మళ్ళీ ఆగింది. నేనిప్పుడు అనుభవజ్ఞుణ్ణి గదా, కనీసం ప్లగ్గయినా విప్పకుండా తువ్వాలు తడిపి సీడీఐకి కప్పి అరగంట కూర్చున్నాను. లేవలేదు. ఇంకో అరగంట కప్పాను. చూసి చూసి పక్కనున్న కొబ్బరికాయల అబ్బాయి వచ్చి, కార్బురేటర్ విప్పి చూపించాడు. జెట్టులో ఇంత చెత్త.