చీఫ్ కావాలంటే పెట్టె మోయాలి

అమెరికా నౌకాదళంలో సాధారణ నావికులు అనుభవంతో ఎదిగి అందుకునే చీఫ్ పెట్టీ ఆఫీసరు (క్లుప్తంగా చీఫ్) హోదా 1893 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ తేదీని చూసి నవ్వుకునేవారు తొందరపడుతున్నారని మనవి. హోదా చుట్టూ తరువాత పెరిగిన ఆచారాలు ఆ తేదీకి ఏమాత్రం అపకీర్తి తేలేదు.

ఏళ్ల తరబడి ఓడల్లో ఇంజన్లు నడిపి, తన కింది నావికులకు పని నేర్పి, ఎంపిక మండలి రికార్డులన్నీ జల్లెడ పట్టిన తరువాత యోగ్యుడని తేలిన మనిషికి సెప్టెంబరులో చీఫులు తొడిగే ఖాకీ దుస్తులు దక్కుతాయి. అంతకు ముందు సుమారు ఆరు వారాల పాటు అతనికి ఏమీ రాదని పాత చీఫులు నిర్ధారించాలి. అందుకోసం అతను ఛార్జ్ బుక్ అనే పుస్తకాన్ని, దాని కోసం ప్రత్యేకంగా చేయించిన చెక్కపెట్టెలో పెట్టుకుని వెంట తిప్పాలి. ఎదురైన ప్రతి చీఫ్ చేతా అందులో హితవాక్యాలు రాయించుకోవాలి. రెప్పపాటు ఏమరినా పెట్టె మాయమవుతుంది, దానికి శిక్షా పడుతుంది. దొంగతనం చేసినవారే బాధ్యత గురించి ఉపన్యసించడం ఈ విద్యలోని లోతు. పాత రోజుల్లో దీనికి తోడు ఉత్తుత్తి న్యాయస్థానం కూడా ఉండేది. నేరం రుజువు కాకపోవడమనే ఇబ్బంది అక్కడ ఎవరికీ ఎదురైనట్లు లేదు.

ఈ పుస్తకం రెండో ప్రపంచ యుద్ధకాలంలో మొదలైందని చీఫులే చెబుతారు. అయితే 1917 మార్చిలో లొరెట్టా వాల్ష్ అనే యువతి నౌకాదళంలో చేరుతూనే నేరుగా చీఫ్ అయింది, ఆ హోదా పొందిన తొలి మహిళగా చరిత్రకెక్కింది. పెట్టె లేదు, ఆరు వారాలు లేవు. ఆమె చేరిన తరువాత ఓడలు మునిగిపోలేదన్న సంగతిని సంప్రదాయవాదులు ఇప్పటికైనా విచారించాలి.

ఇక ఈ తంతును సంస్కరించాలని పై అధికారులు పేర్లు మార్చారు, నియమాలు రాశారు, అవమానాలను నిషేధించారు. అయినా ప్రతి బ్యాచ్ చీఫులూ అసలైన దీక్ష తమతోనే ముగిసిందని, తరువాతివారు సుఖంగా పైకొచ్చారని బల్లగుద్ది చెబుతారు. తాను పడ్డ ఆరళ్లను కోడలికి వారసత్వంగా అందించే అత్తగారికి ఇందులో కొత్తేమీ కనిపించదు.

చివర కుటుంబసభ్యులు కాలరుకు గుచ్చే, చీఫ్ హోదాకు గుర్తయిన బంగారు లంగరును కూడా చూడాలి. దానికి తన గొలుసే చుట్టుకుని ఉంటుంది. నిజమైన ఓడ మీద లంగరు అలా చిక్కుపడితే, దాన్ని వేసిన నావికుణ్ని మందలించవలసినవాడు చీఫే.

ఒక్క లోపం మాత్రం క్షమించరానిది. 1958లో సీనియర్ చీఫ్, మాస్టర్ చీఫ్ అనే మరో రెండు మెట్లు కట్టారు గానీ, వాటిని ఎక్కేవారికి ఈ ఆరు వారాల పాఠం మళ్లీ పెట్టలేదు. అడ్మిరళ్ల చేతికైతే ఈ పెట్టెను ఎవరూ ఇచ్చిన పాపాన పోలేదు. వినయం ఇంత విలువైన సుగుణమైతే, దాన్ని జీతం తక్కువవారికే ఇంత ఉదారంగా పంచిపెట్టడం అన్యాయం. కనీసం వచ్చే సెప్టెంబరు నుంచైనా నాలుగు నక్షత్రాల భుజాల కింద ఒక్కొక్క చెక్కపెట్టె కనిపించేలా ఉత్తర్వులు వెలువడాలి.