చార్టు మీది సైన్సు చాలదు

ఉప్పునీటిలో గుడ్డు తేలుతుందన్న సంగతి పరిసరాల విజ్ఞానం చెప్పే ఎవరికైనా తెలిసిందే. విశాఖలో సముద్రం కూతవేటు దూరంలో ఉంటుంది కనుక, టీచరు శిక్షణలో భాగంగా బడికి ప్రాక్టీసుకు వచ్చిన ఛాత్రోపాధ్యాయురాలు బీచ్‌ నుంచి ఒక సీసా నీళ్లు పట్టుకొచ్చి, గ్లాసులో పోసి, గుడ్డు వదిలిందనుకుందాం. గుడ్డు తిన్నగా అడుక్కు పోతుంది. పిల్లలు ఘొల్లుమంటారు. ఆమెకు తోచే దారి ఒక్కటే: "తేలుతుంది, పుస్తకంలో ఉంది, రాసుకోండి" అని బోర్డువైపు తిరగడం. చూసినదాన్ని పక్కనపెట్టి చెప్పినదాన్ని నమ్మాలన్న సంగతి పిల్లలు ఆ పూటే నేర్చుకుంటారు.

తప్పు గుడ్డుది కాదు, సముద్రానిది అసలే కాదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వానలు పడి నదుల నీరు వచ్చి కలిశాక మన తీరంలో అవి ఇంకా తగ్గుతాయి. తాజా కోడిగుడ్డు తేలాలంటే లీటరుకు దాదాపు 120 గ్రాములు కావాలి. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసుకు 25 గ్రాములు, సుమారు ఒకటిన్నర టేబుల్‌ స్పూన్ల మెత్తటి ఉప్పు. కల్లుప్పయితే కరగడానికి సమయం పడుతుంది. సగం కరిగి సగం అడుగున ఉండగానే గుడ్డు వేసి "తేలలేదే" అనుకునేవారే ఎక్కువ. గుడ్డు వయసు కూడా చూసుకోవాలి. రెండు మూడు వారాలు నిలవున్న గుడ్డులో గాలి గది పెద్దదై, తక్కువ ఉప్పుకే తేలిపోతుంది. ఒక గుంపుకు కొత్త గుడ్డు, ఇంకో గుంపుకు పాత గుడ్డు దొరికితే తరగతి రెండుగా చీలి కొట్లాడుకుంటుంది. ముందుగా మంచినీళ్లలో వేసి, నిట్టనిలువుగా లేచిన గుడ్డును పక్కన పెట్టాలి. పెంకుతో ఉడికించిన గుడ్డయినా పనిచేస్తుంది. చెయ్యి జారినా గది కంపు కొట్టదు.

ఇదంతా తెలిసిన మనిషి చేతిలో సముద్రపు నీళ్ల సీసా అన్నిటికన్నా మంచి సామగ్రి. మొదట సముద్రపు నీళ్లలో గుడ్డు మునగనివ్వాలి. తర్వాత చెంచా చెంచా ఉప్పు కలుపుతూ, ఎన్నో చెంచాకు కదిలిందో పిల్లలచేతే లెక్క పెట్టించాలి. మునగడమే ఆ పాఠానికి మొదటి మెట్టు అవుతుంది.

ఉపాధ్యాయ శిక్షణలో ప్రయోగాన్ని ముందే చేసి చూసుకునే ఈ పని ఎక్కడా లెక్కకు రావడం లేదన్నదే మా ఫిర్యాదు. డి.ఎల్‌.ఎడ్‌. (ప్రాథమిక ఉపాధ్యాయ డిప్లొమా) రెండేళ్లలో పాఠ్యపథకాలకు మార్కులున్నాయి, రికార్డుకు మార్కులున్నాయి, చార్టులో రంగుల పొందికకూ మార్కులు పడుతున్నాయి. థర్మోకోల్‌ అగ్నిపర్వతం చూసి మురిసిపోయే పరిశీలకులకు కొదవ లేదు. కానీ ఆ ప్రయోగాన్ని తరగతికి ముందు ఎన్నిసార్లు చేసి చూశారు, ఎక్కడ చెడింది అని అడిగే గడి రికార్డులో కనిపించదు.

కొవ్వొత్తి ప్రయోగం సంగతి చూడండి. పళ్లెంలో నీళ్లు, నడుమ వెలిగే కొవ్వొత్తి, దాని మీద బోర్లించిన గ్లాసు. మంట ఆరిపోతుంది, నీరు గ్లాసులోకి ఎక్కుతుంది. "గాలిలో అయిదో వంతు ఆక్సిజన్‌ ఖర్చయింది, అందుకే నీరు అయిదో వంతు ఎక్కింది" అని తరతరాలుగా చెబుతున్నారు. ఇది తప్పు. ఆక్సిజన్‌ పోయిన చోటికి కార్బన్‌ డయాక్సైడూ నీటి ఆవిరీ వస్తాయి. పైగా ఆక్సిజన్‌ పూర్తిగా అయిపోకముందే మంట ఆరుతుంది. అసలు కారణం వేడి. మంటకు గ్లాసులోని గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుంటుంది, నీటి ఆవిరి కూడా చెమ్మగా మారుతుంది. అప్పుడు బయటి గాలి పీడనం నీటిని లోపలికి తోస్తుంది. జాగ్రత్తగా చూస్తే మొదట్లో గ్లాసు అంచు కింద బుడగలు కనిపిస్తాయి. నీరు ఎక్కువ భాగం ఎక్కేది మంట ఆరిన తర్వాతే. అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెడితే నీరు మరింత ఎక్కుతుంది. ఆక్సిజన్‌ మూడింతలు కాలేదు కదా! నీళ్లలో చుక్క సిరా వేసి, గ్లాసుకు రబ్బరు బ్యాండు చుట్టి మట్టం గుర్తు పెట్టుకుంటే చాలు, నాలుగో తరగతి పిల్లలే ఈ వాదన తేల్చేస్తారు. పళ్లెంలో నీరు ఒక సెంటీమీటరుకు తగ్గితే మాత్రం చివర్లో గాలి దూరి అంతా పాడవుతుంది. పిల్లల జుట్టు, చున్నీలు మంటకు దూరంగా ఉండాలని వేరే చెప్పాలా?

నీడల పాఠంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. "మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు" అని ఊరికే అనేస్తాం. విశాఖ ఉత్తర అక్షాంశం దాదాపు 17.7 డిగ్రీలు. ఇక్కడ సూర్యుడు నిజంగా నడినెత్తికి వచ్చేది ఏడాదిలో రెండుసార్లే: మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో. మొదటిది వేసవి సెలవుల్లో పోతుంది, రెండోదానికి మబ్బులు అడ్డం. మిగతా రోజుల్లో మీటరు కర్ర నిలబెడితే డిసెంబరు 22న మధ్యాహ్నపు నీడ ఉత్తరం వైపు 87 సెంటీమీటర్లు పడుతుంది. జూన్‌ 21న అది 10 సెంటీమీటర్లకు కుంచించుకుని దక్షిణం వైపు తిరుగుతుంది. బడి తెరిచిన కొత్తలోనే ఈ వింత చూపించవచ్చు. గడియారంలో 12 కొట్టగానే కొలిస్తే సరిపోదు. 11.30 నుంచి 12.30 వరకు పది నిమిషాలకోసారి నీడ కొసన సుద్దతో గీత గీసి, అన్నిటిలో పొట్టిదాన్ని తీసుకోవాలి. కర్ర పక్కన దారానికి రాయి కట్టి వేలాడదీస్తే వాలు తెలుస్తుంది. వాలిన కర్రతో చేసిన కొలతలన్నీ వృథా. సరిగ్గా ఆ వేళకే భోజనం గంట మోగడం ఇంకో తంటా, దానికి హెడ్మాస్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

సామగ్రికి మన ఊళ్లో కరువు లేదు. భీమిలి తీరంలో నల్ల ఇసుక పిడికెడు తెచ్చి బాగా ఎండబెట్టి, అయస్కాంతం తిప్పితే నల్లటి మాగ్నటైట్‌ (ఇనుప ఖనిజం) రేణువులు ఎగిరొచ్చి అతుక్కుంటాయి, ఎర్రటి గార్నెట్‌ రేణువులు చాలావరకు కిందే ఉండిపోతాయి. అయస్కాంతాన్ని ముందుగా పాలిథీన్‌ సంచిలో పెట్టాలి. లేకపోతే అంటుకున్న పొడిని వదిలించడానికే పీరియడ్‌ అయిపోతుంది. తడి ఇసుకైతే రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఏదీ విడిపడదు.

తేలడం, మునగడం గురించి మత్స్యకారుల వాడ జాలారిపేట పిల్లలకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు, అడిగితే చాలు. వల పై అంచుకు బెండ్లు, కింది అంచుకు సీసపు గుళ్లు ఎందుకు కడతారో వాళ్లకు తెలుసు. అయినా "బరువైనది మునుగుతుంది" అనే మాట అదే పిల్లల నోట వస్తుంది. బకెట్టు నీళ్లలో రెండు కిలోల గుమ్మడికాయనూ చిటికెన వేలంత మేకునూ వేసి చూపితే ఆ మాట తడబడుతుంది. తర్వాత ఒకే మట్టిముద్దను ఉండగా మునిగేట్టు, పల్చటి గిన్నెగా తేలేట్టు చేయించాలి. కుమ్మరి మట్టి నీటిలో నాని జారిపోతుంది, పిల్లలు బొమ్మలు చేసుకునే రంగుల మట్టి మేలు. ఆ మర్నాడు ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి దగ్గరికి తీసుకెళ్తే, నీటి ట్యాంకులు నింపుకుని మునిగి, గాలితో ఖాళీ చేసుకుని తేలే సంగతి వాళ్లకు ఇట్టే ఎక్కుతుంది.

ప్రయోగం చేతికి వచ్చినా నోరు ఆగకపోతే పాఠం నిలవదు. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయనీ, నోరు విప్పని పిల్లలూ మాట్లాడతారనీ అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్‌ రో 1970లలోనే చూపించారు. మూడు సెకన్లు వినడానికి చిన్నమాటే కానీ, కొత్త టీచరుకు నలభై కళ్ల ముందు అది యుగంలా ఉంటుంది. మనసులో "ఒకటీ, రెండూ, మూడూ" అనుకోవడం, ఫోన్‌లో పాఠం రికార్డు చేసి రాత్రి విని లెక్క వేసుకోవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

సూక్ష్మబోధన ఇందుకోసమే పుట్టింది. 1963లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన ఆ పద్ధతిలో కొద్దిమంది పిల్లలకు, కొద్ది నిమిషాలు, ఒక్క నైపుణ్యం మీద బోధించి, లోపం విని, మళ్లీ బోధించాలి. మన కాలేజీల్లో పిల్లల స్థానంలో తోటి ఛాత్రోపాధ్యాయులే కూర్చుంటారు. "గుమ్మడికాయ ఎందుకు తేలింది?" అనగానే వెనక బెంచీ నుంచి "సాంద్రత మేడమ్‌!" అని వినిపిస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడు చెప్పే "లోపల గింజలున్నాయి కాబట్టి" అన్న జవాబు అక్కడ ఎప్పటికీ రాదు. దాన్ని ఎలా అందుకోవాలో నేర్పడమే శిక్షణలో పెద్ద పని. "గింజలు తీసేసి చూద్దామా?" అనడం అక్కడ సరైన తర్వాతి మాట. "తప్పు, కూర్చో" అంటే ఆ పిల్లవాడు మళ్లీ చెయ్యి ఎత్తడు.

భీమిలి డైట్‌ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ)తో పాటు జిల్లాలోని శిక్షణ కళాశాలలను మేము కోరేవి పెద్ద ఖర్చు పనులు కావు. సూక్ష్మబోధనకు కనీసం అయిదారుగురు పిల్లలను దగ్గరి ప్రాథమిక పాఠశాల నుంచి పిలిపించాలి. ఛాత్రోపాధ్యాయులు వెళ్లే ప్రతి బడికీ ఒక ప్లాస్టిక్‌ పెట్టె ఇవ్వాలి. ముప్ఫైమంది తరగతికి అయిదుగురి చొప్పున ఆరు గుంపులు కనుక అందులో ఆరు గాజు గ్లాసులు, ఆరు చెంచాలు, ఆరు అయస్కాంతాలు, ఒక వంటింటి త్రాసు, ఒక కొలజాడీ, మీటరు బద్ద ఉంటే చాలు. బడిలో ఛాత్రోపాధ్యాయులకు దారి చూపే మెంటార్‌ టీచరు టైమ్‌టేబుల్లో వారానికి ఒక పీరియడ్‌ ఖాళీ చేసి, పాఠం అయ్యాక ఛాత్రోపాధ్యాయులతో కూర్చునే వీలివ్వాలి. మెంటార్‌ సంతకానికి వెతుక్కుంటూ తిరగడంతోనే ఇప్పుడు ఛాత్రోపాధ్యాయుల పుణ్యకాలం గడిచిపోతోంది. పరిశీలకులు వెనక కుర్చీలో కాకుండా ఒక గుంపు పక్కన చతికిలబడి, "మీ గ్లాసులో ఏమైంది?" అని పిల్లలనే అడిగి మార్కులు వేయాలి.

ఇంకొక్క మాట రికార్డు గురించి. ప్రతి పాఠ్యపథకానికి ఎడమ పేజీలో మూడు గళ్లు పెట్టండి: ముందు ఎన్నిసార్లు చేసి చూశారు, ఏం చెడింది, పిల్లలు అనుకోనిది ఏం చెప్పారు. ఆ గళ్లకు చార్టుకన్నా ఎక్కువ మార్కులు ఇవ్వండి. వచ్చే బ్యాచ్‌ రికార్డు పుస్తకాలు అచ్చుకు వెళ్లేలోగా ఈ మార్పు జరగాలి.